అద్దె ఇళ్లలో పెరిగిన పాట

లిస్బన్ నగరంలో అల్ఫామా పేట కింద నేలంతా ఊటలే. మధ్యయుగాల నుంచీ ఊరి జనం కడవలు పట్టుకొని ఇక్కడి ధారల దగ్గరికి వచ్చేవారు, ఓడలవాళ్లు పీపాలు నింపుకొని పోయేవారు. ఆ నీటిని పైకి ఎక్కించడానికి 1868లో తేజు నది ఒడ్డున ఒక కట్టడం లేచింది. ఆవిరి యంత్రంతో నడిచిన లిస్బన్ మొదటి నీటి పంపింగు కేంద్రం అదే. యంత్రాలు మూలపడి, కాలం మారి, 130 ఏళ్లు గడిచాక, 1998 సెప్టెంబరు 25న, అదే కట్టడం ఫాదో అనే పాటకు మ్యూజియంగా తలుపులు తెరిచింది.

నీళ్ల కోసం కట్టిన ఇంట్లోకి పాట వచ్చి చేరడం వింతగా తోచవచ్చు. ఫాదో చరిత్ర తెలిసినవాళ్లకు మాత్రం ఇందులో వింతేమీ లేదు. ఈ పాట తన కోసమే కట్టిన ఇంట్లో ఎన్నడూ పెరగలేదు. సారా కొట్టు వెనక గదిలో, దొరల మేడలో, గుర్రాల సాలలో, సర్కసు కోసం లేపిన ఇనప కప్పు కింద, ఎక్కడ చోటు దొరికితే అక్కడ తలదాచుకుంది. ఇల్లు మారిన ప్రతిసారీ పాట కూడా కొంత మారింది. ఎవరు వినాలి, కూర్చుని పాడాలా నిలబడి పాడాలా, ఏ మాట నోట రావచ్చు, ఏది రాకూడదు అన్నవి చాలావరకు ఆ గోడలే తేల్చాయి. అందుకే లిస్బన్ పాత కట్టడాల కథను పక్కనబెట్టి ఫాదో కథ చెప్పడం కుదరదు.

ఫాదోకు కావలసింది చాలా తక్కువ. పాడేవారు ఒకరు. పక్కన పోర్చుగీసు గితారా, అంటే జామపండు ఆకారంలో ఉండే, 12 ఉక్కు తంత్రులను జతలుజతలుగా బిగించిన వాద్యం. దానికి తోడు మామూలు గిటారు, దాన్ని అక్కడివాళ్లు వియోలా అంటారు. పాట మొదలయ్యే ముందు దీపాలు తగ్గిస్తారు. వడ్డించేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు, గ్లాసుల చప్పుడు ఆగుతుంది. పాడుతున్నప్పుడు మాట్లాడితే పక్కబల్లవాళ్లే కోప్పడతారు. పాటల్లో ఉండేవి ఎడబాటు, సముద్రం మీదికి పోయినవాళ్లు, తల్లి, చేజారిన ప్రేమ, వీధుల పేర్లు. ఒక పేట పేరు చెప్పకుండా చాలా ఫాదోలు ముగియవు.

ఈ పాట పుట్టుక గురించి పండితులు చాలా వాదించుకున్నారు. 1807లో నెపోలియన్ సైన్యాలు మీదికి వస్తుంటే పోర్చుగల్ రాజకుటుంబం ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లిపోయింది. రాజు 1821లో తిరిగివచ్చాడు. రియో దె జనీరోలో నల్లజాతివాళ్లూ సంకరజాతివాళ్లూ ఆడిన నృత్యాల్లో ఫాదో అనే పేరు ముందుగా వినిపించింది. ఆ రాకపోకల్లోనే అది లిస్బన్ రేవులో దిగి, ఆటను వదిలేసి పాటగా మిగిలిందన్న వాదానికే ఇవాళ ఎక్కువ బలముంది. గితారా దారి వేరు. 18వ శతాబ్దంలో పోర్తో నగరపు వైన్ వ్యాపారంతోపాటు ఇంగ్లండు నుంచి ఒక తంత్రీవాద్యం వచ్చింది. దాన్ని నేర్పే పుస్తకాన్ని అంతోనియో ద సిల్వా లెయితె 1796లో పోర్తోలోనే అచ్చు వేశాడు. ఇంగ్లండు బైఠకుల్లో దొరసానులు వాయించిన వాద్యం లిస్బన్ సారా కొట్లలో నావికుల చేతికి చిక్కింది. బ్రెజిల్ తాళం, ఇంగ్లండు తంత్రి, లిస్బన్ వీధి కలిసిన పాట ఇది. తర్వాతి రోజుల్లో దీన్నే కల్తీలేని జాతి సంగీతంగా చాటినవారు ఈ పుట్టుక గురించి పెద్దగా మాట్లాడలేదు.

1147లో క్రైస్తవ రాజు లిస్బన్‌ను గెలుచుకున్నాక, ఓడిపోయిన ముస్లిములకు కోట వెనక కేటాయించిన పేట మౌరారియా. ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా అది ఊరికి అంచుగానే ఉంది. వేశ్యలు, రేవు కూలీలు, చిల్లర దొంగలు, పల్లెల నుంచి పనికొచ్చినవాళ్లు అక్కడి ఇరుకు సందుల్లో బతికేవారు. 1820లో పుట్టిన మరియా సెవేరా అనే యువతి ఆ పేటలోని కపెలావ్ వీధిలో పాడి పేరు తెచ్చుకుంది. తల్లి సారా కొట్టు నడిపేది. సెవేరా ఒళ్లమ్ముకుని బతికింది, గితారా వాయించింది, పాడింది. విమియోజు కౌంటు అనే దొర ఆమె మీద మనసు పడ్డాడు. 1846 నవంబరు 30న క్షయతో చనిపోయేనాటికి ఆమె వయసు 26.

ఆమె గొంతు ఎలా ఉండేదో చెప్పే రికార్డింగు ఉండే అవకాశమే లేదు. అయినా చనిపోయాక ఆమె బతికినంత గట్టిగా పోర్చుగల్‌లో ఏ గాయనీ బతకలేదు. 1901లో జూలియో దాంతాస్ ఆమె మీద నవల రాశాడు, అది నాటకమైంది. 1931లో లెయితావ్ దె బారోస్ తీసిన 'ఎ సెవేరా' పోర్చుగల్ మొట్టమొదటి టాకీ. ఆ దేశపు సినిమా మాట నేర్చుకున్నది ఒక వీధి గాయని కథతో! ఫాదో పాడే స్త్రీలు భుజాల మీద నల్ల శాలువా కప్పుకునేది సెవేరా కోసం పాటించే మైల అని చెబుతారు. బతికుండగా ఆమెకు చోటివ్వని పెద్దమనుషుల సమాజం పోయాక ఆమెను నెత్తిన పెట్టుకుంది. ఈ తీరు ఫాదో చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

కౌంటుగారి వ్యవహారం వట్టి ప్రేమకథ కాదు, పాట గడప దాటిన సందర్భం కూడా. ఎద్దులతో పోరాడే ఆట పిచ్చి ఉన్న దొరలు ఫాదో పాడేవాళ్లను తమ తోటలకూ మేడలకూ పిలిపించుకోవడం మొదలుపెట్టారు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో నాటకశాలల హాస్య ప్రదర్శనల్లోకి ఫాదో ఎక్కింది. మరోపక్క అచ్చు కార్మికులు, వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్లు సమ్మెల మీద, కూలి రేట్ల మీద, రాజు మీద, పాదిరీల మీద పద్యాలు కట్టి ఇదే బాణీల్లో పాడారు. ఒకరు పద్యం వదిలితే ఇంకొకరు అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. మన అష్టావధానాల్లో, బుర్రకథ వంతపాటల్లో ఉండే ఆ తక్షణపు చురుకు అక్కడి సారా కొట్లలో రాత్రుళ్లు తెల్లవార్లూ సాగేది. 1922లో కవి లిన్యారెస్ బర్బోజా 'గితారా దె పోర్చుగల్' అనే పత్రికే మొదలుపెట్టాడు. పాటలు అచ్చేయడం, గాయకుల తగవులు తీర్చడం, ఫాదోను తిట్టినవాళ్లకు బదులివ్వడం దాని పని.

ఈ లోకాన్ని బొమ్మలోకి ఎక్కించినవాడు జోసే మల్యోవా. పల్లె జీవితాన్ని వెలుగునీడల్లో గీసిన ఈ చిత్రకారుడు 50 దాటిన వయసులో మౌరారియా సందుల్లోకి దిగాడు. అమాన్సియో అనే గితారా వాయించే రౌడీని, అదెలైద్ అనే స్త్రీని ఎదురుగా కూర్చోబెట్టుకుని 'ఓ ఫాదో' గీశాడు. కత్తిపోటు మచ్చ వల్ల అదెలైద్‌ను పేటలో ఆ కత్తిపోటు పేరుతోనే పిలిచేవారు. అమాన్సియో తరచూ పోలీసులకు చిక్కేవాడనీ, బొమ్మ ముందుకు సాగాలంటే చిత్రకారుడే ఠాణాకు వెళ్లి అతన్ని విడిపించుకు రావలసి వచ్చేదనీ కథలున్నాయి. బొమ్మలో అతను తల వెనక్కి వాల్చి పాడుతున్నాడు, ఆమె బల్ల మీద మోచెయ్యి ఆనించి కళ్లప్పగించి వింటోంది. గోడ మీద చవక బొమ్మలు, బల్ల మీద వైన్, పూలకుండీ.

1910లో పూర్తయిన ఈ చిత్రం ముందుగా అట్లాంటిక్ దాటి బ్యూనస్ ఐరిస్‌లో పతకం కొట్టింది. లిస్బన్ జనం దాన్ని చూసింది 1917లో. ఆ ఏడే నగరపాలక సంస్థ కొన్నది. సొంతూరి గాయకుణ్ని సొంతూరు గోడ మీద వేలాడదీయడానికి విదేశీ పతకాలు కావలసి వచ్చాయి. ఇప్పుడది ఫాదో మ్యూజియానికి వచ్చేవాళ్లు ముందుగా వెతుక్కునే బొమ్మ.

ఆ తర్వాత పదేళ్లకు పాట మెడకు తాడు పడింది. 1926లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1927 మే నెలలో వినోద ప్రదర్శనలన్నిటికీ కలిపి ఒక శాసనం వచ్చింది. దాని ప్రకారం డబ్బు తీసుకుని పాడేవాళ్లకు వృత్తి కార్డు ఉండాలి. పాట జరిగే చోటుకు లైసెన్సు ఉండాలి. పాడబోయే ప్రతి పాట మాటలూ ముందే సెన్సారు బల్ల మీద పెట్టి ముద్ర వేయించుకోవాలి. ఫాదో మీద దీనికి మించిన దెబ్బ మరొకటి లేదనే చెప్పాలి. ముందే రాసిచ్చి ముద్ర వేయించుకున్న మాట తప్ప నోట ఇంకోటి రాకూడదంటే, ఆశుకవిత్వానికి చోటెక్కడిది? సమ్మె పాటలు మాయమయ్యాయి. రాజును తిట్టిన నోళ్లు ఇప్పుడు పేటలోని బీద ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో, అమ్మ ఎంత మంచిదో పాడాయి. అందులో గొప్ప పాటలూ పుట్టాయి, కాదనలేం. కానీ పాట సగం గొంతు పోగొట్టుకున్నది మాత్రం నిజం.

అదే శాసనం ఇంకో పని కూడా చేసింది. లైసెన్సున్న చోటే పాడాలన్నప్పుడు లైసెన్సున్న చోట్లు పుడతాయి. 1930ల్లో బైరు ఆల్తు పేటలో 'ఫాదో ఇళ్లు' అనే కొత్తరకం భోజనశాలలు ఇలా వచ్చాయి. 1927లోనే మొదలైన కఫే లూజో తర్వాత అదే పేటలో సావ్ రోక్ మేడ కింది నేలమాళిగల్లోకి, గుర్రాల సాలల్లోకి మారింది. 17వ శతాబ్దపు ఆ కమానులు 1755 భూకంపాన్ని తట్టుకున్నవి. అదేగా మాశాదో 1937లో తెరుచుకుంది. గాయకుడికి నెలజీతం, గితారా వాయించేవాడికి ఖాయమైన కుర్చీ దొరికాయి. రాత్రికి ఎన్ని పాటలో లెక్క వచ్చింది. సారా కొట్టు కళ ఉద్యోగమైంది.

ఈ మార్పు మధ్యలో నిలబడ్డ మనిషి ఆల్ఫ్రెదో మర్సెనెయిరో. అసలు పేరు ఆల్ఫ్రెదో రోద్రిగో దువార్తె, బతుకుతెరువు వడ్రంగం, అదే ఇంటిపేరుగా స్థిరపడింది. పగలు రంపం, రాత్రి పాట. అప్పటిదాకా గాయకులు కూర్చుని పాడేవారు. లేచి నిలబడి, దీపాలు తగ్గించి పాడే పద్ధతిని తెచ్చింది ఇతనేనని ఫాదో లోకం గౌరవంగా చెప్పుకుంటుంది. పెద్ద గొంతు కాదు, కాస్త బొంగురు. కానీ మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ ఆపాలో అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదనేవారు. అతను పాడిన పాటల్లో మరికిన్యాస్ అనే స్త్రీ ఇంటి గురించి ఒకటి ప్రసిద్ధం. ఆ పాటలోని ఇంటిని, కిటికీలతో సహా, అతను సొంత చేత్తో చెక్కలో బొమ్మరిల్లుగా చేశాడు. ఫాదో మ్యూజియంలో ఇప్పుడది గాజుబీరువాలో ఉంది. మల్యోవా చిత్రం ముందు గుమిగూడినంత జనం దాని ముందు ఆగరు. కానీ ఆ మ్యూజియం మొత్తంలో ఒకే ఒక్క వస్తువు ముందు నిలబడే సమయముంటే ఆగవలసింది అక్కడే. పాడిన నోరు, చెక్కిన చెయ్యి ఒకే మనిషివి.

నియంత సలజార్ ప్రభుత్వానికి మొదట్లో ఫాదో అంటే ఇష్టం లేదు. అది నీరసపు పాట, నిటారుగా నిలబడవలసిన జాతిని కుంగదీస్తుంది అన్నది వాళ్ల ఫిర్యాదు. 1936లో లూయిస్ మొయితా ప్రభుత్వ రేడియోలో ఫాదోను ఓడిపోయినవాళ్ల పాటగా దుమ్మెత్తిపోస్తూ వరస ప్రసంగాలు చేశాడు. తర్వాత ఫాదోను చూడటానికే యాత్రికులు వస్తున్నారని తెలిశాక అదే ప్రభుత్వం దాన్ని చంకనెక్కించుకుంది. లెయితావ్ దె బారోస్ పేరు ఈ దారిలోనూ ఎదురవుతుంది. సెవేరా సినిమా తీసిన మరుసటి ఏడు, 1932లో, జూన్ నెల సాంతో అంతోనియో పండగకు పేటల వారీ ఊరేగింపులు మొదలుపెట్టించినవాళ్లలో ఆయన ఒకడు. లిస్బన్ అనాదిగా వస్తున్న ఆచారంగా భావించే ఆ ఊరేగింపులకు వందేళ్లు కూడా నిండలేదు.

లిస్బన్‌లో ఇన్ని పాత కట్టడాలు పాటకూ బొమ్మకూ ఎలా దొరికాయో కూడా చెప్పుకోవాలి. రెండు తేదీలు దానికి మూలం. 1755 నవంబరు 1, సర్వపునీతుల పండగ ఉదయం, జనం చర్చిల్లో ఉండగా భూమి కదిలింది. వెంట సముద్రం పైకొచ్చింది, నిప్పు రోజుల తరబడి రగిలింది. అంతకు ఏడు నెలల ముందే రాజుగారు తెరిచిన బ్రహ్మాండమైన ఒపేరా భవనం నేలమట్టమైంది. కొండవాలు మీది అల్ఫామా ఇరుకు సందులు మాత్రం చాలావరకు నిలిచాయి. రెండో తేదీ 1834. అంతర్యుద్ధంలో గెలిచిన ఉదారవాదులు సన్యాసుల మఠాలన్నిటినీ ఒక్క ఆజ్ఞతో మూసేశారు. రాత్రికి రాత్రి ప్రభుత్వం చేతికి వందల మఠాలొచ్చాయి. సావ్ బెంతో మఠం పార్లమెంటు అయింది. సావ్ ఫ్రాన్సిస్కో మఠంలో లలితకళల అకాడమీ, గ్రంథాలయం చేరాయి. భూకంపానికి కప్పు కూలిన కార్మో మఠాన్ని తిరిగి కప్పకుండా అలాగే ఆకాశం కింద ఉంచి 1864లో పురావస్తు మ్యూజియం పెట్టారు.

సన్యాసినుల మఠాలకు చివరి సన్యాసిని కన్నుమూసేదాకా గడువిచ్చారు. 1509లో రాణి లెయొనోర్ కట్టించిన మాద్రె దె దెయూస్ మఠం అలా ఖాళీ అయి, 20వ శతాబ్దంలో జాతీయ అజులెజో మ్యూజియమైంది. అజులెజో అంటే నిగనిగలాడే పూత వేసిన గోడపలక. పోర్చుగల్‌లో చర్చి నుంచి చేపల కొట్టు దాకా దాన్ని అతికించని గోడ లేదు. ఆ మ్యూజియంలో దాదాపు 23 మీటర్ల పొడవున నీలం, తెలుపు పలకల మీద 1700 ప్రాంతపు లిస్బన్ పరుచుకుని ఉంటుంది. భూకంపానికి ముందటి నది ఒడ్డు, మేడలు, చర్చి గోపురాలు, పడవలు, కొండ మీది పేటలు వరసగా కనిపిస్తాయి. సెవేరా అమ్మమ్మల కాలం కంటే ముందటి ఊరు. నాశనమైన నగరం బతికున్నప్పుడు ఎలా ఉండేదో పక్కాగా చెప్పే బొమ్మ అంత వివరంగా ఇంకొకటి దొరకడం కష్టం.

ఇక అమాలియా రొడ్రిగ్స్. 1920లో లిస్బన్ పేద ఇంట్లో పుట్టి, రేవులో పళ్లమ్మిన ఈ పిల్ల 1939లో రెతీరో ద సెవేరా అనే ఫాదో ఇంట్లో జీతానికి పాడటం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లు తిరిగేలోపు ఆమె బ్రెజిల్‌లో పాడింది, పారిస్ ఒలింపియా వేదికెక్కింది. 1955లో కఫే లూజో కమానుల కింద ఆమె పాడిన రాత్రి రికార్డింగుగా మిగిలింది. ఫాదోలోకి ఆమె పెద్ద కవుల్ని తెచ్చింది. స్వరకర్త అలేన్ ఊల్మన్ బాణీలతో 16వ శతాబ్దపు మహాకవి కమోయిష్ పద్యాలను 1965లో పాడితే పండితులు కొందరు అపచారమన్నారు. సారా కొట్టు పాటకు మహాకవి పద్యమా అన్నది వాళ్ల అభ్యంతరం. అమాలియా ఒక్క అడుగు వెనక్కి వేయలేదు.

సెన్సారు నీడ ఆమెనూ వదల్లేదు. బానిస తల్లి వేదన చెప్పే ఒక బ్రెజిల్ పాటను నిషేధిస్తే, అదే బాణీకి కవి దవీద్ మోరావ్ ఫెరేరా వేరే మాటలు కట్టాడు. అదే 'బార్కో నెగ్రో'గా లోకమంతా మోగింది. అదే కవి రాసిన 'అబందోనో'ను 1962లో ఆమె పాడితే, అది సముద్రపు ఒడ్డున పెనీష్ కోటలో మగ్గుతున్న రాజకీయ ఖైదీల గురించేనని విన్నవాళ్లకు వెంటనే తెలిసిపోయింది. ప్రసారం మీద వేటు పడింది. ఊల్మన్‌ను 1966లో రహస్య పోలీసులు పట్టుకుని దేశం నుంచి వెళ్లగొట్టారు. ఆ పెనీష్ కోట 2024 ఏప్రిల్‌లో జాతీయ ప్రతిఘటన మ్యూజియంగా తెరుచుకుంది. అల్ఫామా పక్కనే, పెద్దచర్చి నీడలో, అల్జూబ్ అనే మరో రాజకీయ జైలు 2015 ఏప్రిల్ 25 నుంచి మ్యూజియం. ఫాదో మ్యూజియం చూసినవాళ్లు కాళ్లీడ్చుకుంటూ అయినా ఆ కొండ ఎక్కి అల్జూబ్ కూడా చూడాలి. ఒకచోట వినిపించిన పాటలో లేని మాటలు రెండోచోట దొరుకుతాయి.

ఏప్రిల్ 25 దాకా వచ్చాం కనుక కొలిజియు గురించి చెప్పాలి. 1890లో సర్కసుకూ ఒపేరాకూ పనికొచ్చేలా ఇనప గుమ్మటంతో కట్టిన ఆ హాల్లో, పత్రికలవాళ్ల సంఘం 1953 నుంచి ఏటా ఫాదో పోటీ జరిపేది. పేటల నుంచి వచ్చిన ఔత్సాహికులు అక్కడ ఒక్క రాత్రిలో పేరు తెచ్చుకునేవారు. అదే సంఘం 1974 మార్చి 29న పోర్చుగీసు పాటల సభ పెట్టింది. సెన్సారువాళ్లు గాయకుడు జోసే అఫోన్సో పాటల్లో చాలావాటిని కొట్టేసి, 'గ్రాందొలా, విలా మొరేనా'ను మాత్రం వదిలేశారు. హాలు హాలంతా చేతులు కలిపి దాన్ని పాడింది. నాలుగు వారాలు తిరక్కుండా, ఏప్రిల్ 25 అర్ధరాత్రి 12:20కి, రేడియోలో అదే పాట సైనికుల తిరుగుబాటుకు సంకేతంగా మోగింది. ఆ సాయంత్రం ప్రధాని కయెతానో లొంగిపోయిన బారకాసు ఏదనుకున్నారు? కప్పులేని కార్మో మఠాన్ని ఆనుకుని, ఆ మఠం భాగంలోనే ఉన్నది.

అఫోన్సో గొంతు తయారైంది కోయింబ్రాలో. అక్కడి ఫాదో వేరు. పాతకాలపు విశ్వవిద్యాలయపు ఊరు కనుక పాడేది విద్యార్థులు, అదీ ఆచారం ప్రకారం మగవాళ్లే, నల్లని అంగీలు కప్పుకుని. మే నెల పండగల్లో 12వ శతాబ్దపు పాతచర్చి మెట్ల మీద అర్ధరాత్రి గానం జరుగుతుంది. నచ్చితే చప్పట్లు కొట్టరు, గొంతు సవరించుకున్నట్టు దగ్గుతారు. ఆ ఊరి గితారాకు పరాకాష్ఠ కార్లోస్ పరేదెస్. లోకం మెచ్చిన ఆ వాద్యకారుడు లిస్బన్‌లో పాత జెస్యూట్ కళాశాల భవనంలో నడిచే సావ్ జోసే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు భద్రపరిచే గుమాస్తా. 1958లో రాజకీయ పోలీసులు అతన్ని అరెస్టు చేశారు, దాదాపు ఏడాదిన్నర జైల్లో ఉంచారు.

విప్లవం తర్వాత ఫాదోకు కష్టకాలం వచ్చింది. పాత ప్రభుత్వం చంకనెత్తుకున్న పాట కనుక దాన్నీ పాత ప్రభుత్వంతో కలిపి కట్టి పడేయాలన్నారు యువకులు. కొలిజియు పోటీ కొంతకాలం ఆగింది. అమాలియా మీద కూడా నిందలు పడ్డాయి. ఆ కోపంలో అన్యాయం ఉంది. పాటను నాలుగు దశాబ్దాలకు పైగా ముద్రల కింద నలిపినవాడి నేరాన్ని నలిగిన పాట మీదే మోపారు. దానికి సరైన జవాబు కార్లోస్ దు కార్మో నుంచి వచ్చింది. తల్లి లుసీలియా నడిపిన ఫాదో ఇంట్లో పెరిగిన ఆయన, 1977లో కమ్యూనిస్టు కవి అరీ దుస్ సాంతోస్ మాటలతో నగరం గురించి ఒక ఆల్బమ్ పాడి, ఫాదో ఎవరి జాగీరూ కాదని నిరూపించాడు.

1994లో లిస్బన్ ఐరోపా సాంస్కృతిక రాజధాని అయిన ఏడు, జాతీయ మానవజాతి మ్యూజియంలో 'ఫాదో: గొంతులు, నీడలు' అనే పెద్ద ప్రదర్శన జరిగింది. పాత గ్రామఫోను రేకులు, పోస్టర్లు, సెన్సారు కాగితాలు, గితారాలను విద్వాంసులు మొదటిసారి ఇంత శ్రద్ధగా ఒకచోట చేర్చారు. నాలుగేళ్లకు అల్ఫామా మ్యూజియం వచ్చింది. 1999 అక్టోబరు 6న అమాలియా చనిపోతే ప్రభుత్వం మూడు రోజుల సంతాపం ప్రకటించింది. చట్టం మార్చి మరీ 2001లో ఆమె అవశేషాలను సాంతా ఎంగ్రాసియా చర్చిలోని జాతీయ సమాధి మందిరానికి చేర్చారు. 1682లో మొదలుపెట్టి 1966లో ముగించిన కట్టడమది. ఎంతకీ తెగని పనిని లిస్బన్‌వాళ్లు ఇప్పటికీ ఆ చర్చి పేరుతోనే ఎత్తిపొడుస్తారు. రాష్ట్రపతులూ రచయితలూ ఉన్న ఆ పాలరాతి గుమ్మటం కింద చేరిన మొదటి స్త్రీ, రేవులో పళ్లమ్మిన ఆ గాయని.

2011 నవంబరు 27న బాలీలో యునెస్కో ఫాదోను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. దానికి దరఖాస్తు తయారుచేసినవాళ్లలో ఫాదో మ్యూజియం ముఖ్యమైనది. జాబితా కంటే దాని వెనక జరిగిన పని గొప్పది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో ముద్రించిన గ్రామఫోను రేకులు వేలకొద్దీ బ్రూస్ బాస్టిన్ అనే ఇంగ్లండు సేకర్త దగ్గర ఉండిపోయాయి. పోర్చుగల్ వాటిని కొని ఇంటికి తెచ్చుకుంది. 1927కు ముందటి గొంతులు, సెన్సారు ముద్ర పడని రోజులవి, ఇప్పుడు ఎవరైనా వినగలరు. అద్దాల వెనక శాలువాలు చూపించడం ఏ మ్యూజియమైనా చేస్తుంది. పోగొట్టుకున్న గొంతును వెతికి వెనక్కి తేవడం ఇక్కడ జరిగింది. అంతేకాదు, అదే కట్టడంలో గితారా నేర్పే బడి నడుస్తుంది.

మౌరారియాలో సెవేరా ఇల్లని చెప్పుకునే చోటును నగరపాలక సంస్థ బాగుచేయించింది, 2013లో అక్కడ ఫాదో ఇల్లు తెరిచారు. ఆ వీధుల గోడల మీద పేట గాయకుల ఫొటోలు వేలాడుతున్నాయి. కపెలావ్ వీధిలోనే పుట్టి, పెద్ద వేదికల కంటే పేట వేదికలనే ఎంచుకున్న ఫెర్నాందో మౌరిసియోను అక్కడివాళ్లు ఇప్పటికీ ఫాదో రాజు అంటారు. మొజాంబిక్‌లో పుట్టి ఈ పేటలోనే పెరిగిన మరీజా 2005లో బెలెం బురుజు దగ్గరి తోటల్లో పాడితే వేలమంది విన్నారు. మన దేశంలో ఈ పాట వినాలంటే గోవా వెళ్లాలి. 1961 దాకా పోర్చుగీసు పాలనలో ఉన్న పణజిలో, పాత ఫోంతైన్యాస్ వాడ ఇళ్లలో, ఫాదోనూ కొంకణి మాండోనూ పక్కపక్కనే పాడుతున్నారు. సోనియా శిర్సాత్ అక్కడ పాడటమే కాక కొత్తవాళ్లకు నేర్పిస్తోంది.

అల్ఫామా కట్టడాలు ఇప్పుడు మునుపెన్నడూ లేనంత శుభ్రంగా ఉన్నాయి. వాటిలో ఉండే మనుషులే తగ్గిపోతున్నారు. యాత్రికులకు రోజువారీ అద్దెకిస్తే వచ్చే డబ్బు నెల అద్దెకు రాదు కనుక ముసలివాళ్ల ఇళ్లు ఒక్కొక్కటే చేతులు మారాయి. 2018 చివర్లో నగరం అల్ఫామా, మౌరారియా, బైరు ఆల్తు లాంటి పేటల్లో కొత్త యాత్రిక వసతులకు అనుమతులు ఆపింది. అప్పటికే ఇచ్చినవి అలాగే ఉన్నాయి. ఫాదో ఇళ్లలో రాత్రి భోజనంతో కలిపి పాట వినే ధర ఆ వీధి పింఛనుదారు ఇవ్వగలిగింది కాదు. పేటవాళ్లు పాడుకునేది చిన్న వినోద సంఘాల్లో. వందేళ్ల కిందట కార్మికులు చందాలేసుకుని పెట్టుకున్న ఆ సంఘాల గదుల్లో ఒక మూల కప్పులు, పతకాలు, ఇంకో మూల పేకాట బల్ల ఉంటాయి. సెలవురోజు మధ్యాహ్నాలు అక్కడ టికెట్టు లేకుండా, వరసలో పేరు చెప్పి, చేపలమ్మేవాళ్లూ టాక్సీ నడిపేవాళ్లూ లేచి పాడతారు. ఆ గదుల అద్దెలు కూడా పెరుగుతున్నాయి. యునెస్కోకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే లిస్బన్ ముందుగా కాపాడవలసింది ఆ సంఘాల కౌలు పత్రాలను, వాటి పైఅంతస్తుల్లో ఇంకా మిగిలిన కుటుంబాల అద్దె ఒప్పందాలను.